26 ఏళ్ల నర్సింగ్ తర్వాత, 51 ఏళ్ల వయసులో ఏ పని వెతుక్కోవాలి?

తెనాలి సిస్టర్:

నమస్కారమండీ. మాది తెనాలి. 1996లో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేశాను. మొదట ఊళ్లోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఏడేళ్లు చేశాను. తర్వాత పిల్లల కోసం కొంతకాలం మానేసి, 2006 నుంచి మొన్న మార్చి వరకు విజయవాడలో ఒక పెద్ద హాస్పిటల్‌లో పనిచేశాను. చివరి పదకొండేళ్లు న్యూరో ఐసీయూ. పంతొమ్మిదేళ్లు సీజన్ టికెట్ మీద తెనాలి నుంచి విజయవాడకు రైల్లో తిరిగాను. ఇప్పుడు నాకు 51.

ఎందుకు మానేశానో చెప్తాను. పోయిన ఏడాది నవంబర్‌లో నైట్ డ్యూటీ. స్ట్రోక్ వచ్చిన పేషెంట్ ఒకాయన, 90 కేజీల పైనే ఉంటారు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేదంటే బెడ్ సోర్ పడుతుంది. మామూలుగా ఇద్దరు సిస్టర్లం, వార్డ్ బాయ్ కలిసి డ్రా షీట్ పట్టుకుని తిప్పుతాం. ఆ రోజు వార్డ్ బాయ్‌ని ఎమర్జెన్సీకి పిలిచారు. నాతో ఉన్న అమ్మాయి పక్క బెడ్ దగ్గర సక్షన్ (గొట్టంతో కఫం తీయడం) చేస్తోంది. తెల్లవారుజామున నాలుగింటికి తిప్పాల్సిన టైం దాటిపోతోందని ఒక్కదాన్నే షీట్ లాగాను. నడుములో చురుక్కుమంది. ఆయన వీపు వెనక దిండు పెట్టి, మడమల కింద చిన్న దిండు పెట్టి, చార్టులో టైం రాశాను. ఆ తర్వాత మంచం రైలింగ్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను, కదల్లేకపోయాను.

ఎమ్మారై తీస్తే ఎల్4-ఎల్5 డిస్క్ జరిగిందన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు గానీ బరువులు ఎత్తొద్దన్నారు. ఓపీలో గానీ, స్టోర్‌లో గానీ వేయమని మేనేజ్‌మెంట్‌ని అడిగాను. నాలుగు నెలలు చూద్దాం చూద్దాం అన్నారు. చివరికి వార్డ్ డ్యూటీ చేయగలిగితేనే రండి అన్నారు. రాజీనామా ఇచ్చేశాను.

మావారు ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో పనిచేస్తారు. పెద్దమ్మాయి పెళ్లయిపోయింది. చిన్నమ్మాయి బీటెక్ మూడో ఏడాది. నాకు నెలకు కనీసం 15 వేలు రావాలి. ఈ మూడు నెలల్లో తిరిగినవి: ఒక స్కూల్లో సిక్ రూమ్ చూసుకోవడానికి వెళ్తే 40 లోపు వాళ్లు కావాలన్నారు. మెడికల్ షాపులో అడిగితే మందులివ్వడానికి ఫార్మసీ చదివినవాళ్లే ఉండాలి, బిల్లింగ్‌కైతే ఎనిమిది వేలిస్తామన్నారు, అదీ రోజంతా నిలబడాలి. మెడికల్ కోడింగ్ నేర్పే సంస్థ వాళ్లు 45 వేలు కడితే జాబ్ గ్యారంటీ అన్నారు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఒక ఇంటర్వ్యూ. ఆఫీసు పని. ఆ అబ్బాయికి పాతికేళ్లుంటాయి, మర్యాదగానే అడిగాడు, “ఇన్నేళ్లూ మీరు ఏమేం చేశారు మేడమ్” అని. “స్టాఫ్ నర్స్‌నండి” అన్నాను. “ఇంకా?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఇంజెక్షన్ చేయడం, సెలైన్ పెట్టడం తప్ప నాకేం వచ్చని నాలో నేనే అనుకున్నాను.

ఈ వయసులో లైన్ మారినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కంప్యూటర్ కొద్దిగా వచ్చు, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లో ఇండెంట్లు (మందులు, సామాన్లు కావాలని పంపే ఆర్డర్లు) పెట్టేదాన్ని. ఇంగ్లిష్ చదవడం రాయడం వచ్చు, గడగడా మాట్లాడలేను.

మియాపూర్ కోడర్:

సిస్టర్, నేనూ స్టాఫ్ నర్స్‌నే. 44వ ఏట హైదరాబాద్‌లో కోడింగ్‌లోకి వచ్చాను. ఉన్నదున్నట్టు చెప్తాను.

ముందుగా ఆ 45 వేలు కట్టకండి. జాబ్ గ్యారంటీ అని కాగితం మీద రాసివ్వమంటే ఎవరూ రాయరు. కోడింగ్ అంటే అమెరికాలోని పేషెంట్ల రికార్డులు చదివి, ఏ జబ్బుకు ఏ కోడో, ఏ ప్రొసీజర్‌కు ఏ కోడో వేయడం. బీపీకి ఐ10, కాంప్లికేషన్లు లేని టైప్ 2 షుగర్‌కు ఈ11.9, ఇలా ఉంటాయి. అనాటమీ, జబ్బుల పేర్లు మనకు ముందే తెలుసు కాబట్టి సగం దారి నడిచేసినట్టే. సీపీసీ అనే పరీక్ష ఉంటుంది. 100 ప్రశ్నలు, 4 గంటలు, కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకునే రాయొచ్చు, 70 శాతం వస్తే పాస్. అనుభవం లేకుండా పాసైతే పేరు చివర అప్రెంటిస్ అని ఉంటుంది, కొంతకాలం పనిచేశాక అది తీసేస్తారు.

కష్టం ఎక్కడంటే, మొదటి ఉద్యోగం. కంపెనీలు కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన పిల్లల్ని బ్యాచ్‌లుగా తీసుకుంటాయి. నాకు ఏడు నెలలు పట్టింది. అదీ ఒక పాత కొలీగ్ రిఫర్ చేస్తే వచ్చింది. రోజుకు ఇన్ని చార్టులు అని టార్గెట్, దాని మీద క్వాలిటీ శాతం చూస్తారు. మొదటి ఆరు నెలలు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

ఇంకోటి, మీ నడుము. తొమ్మిది గంటలు కూర్చునే పని ఇది. డిస్క్ సమస్యకు ఎత్తడమే కాదు, లేవకుండా కూర్చోవడమూ మంచిది కాదు. మీ ఆర్థో డాక్టర్‌ని అడగకుండా దీనికి ఒక్క రూపాయి కూడా పెట్టకండి. నాకైతే ఇష్టమైన పని. మీరు తెనాలిలో ఉండి, ఇప్పుడే 15 వేలు కావాలంటున్నారు కాబట్టి మీకు ఇది మొదటి దారి కాదనిపిస్తోంది.

రిటైర్డ్ అకౌంట్స్:

అమ్మా, నేను 31 ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో పీఎఫ్, జీతాలు చూసి రిటైరయ్యాను. ఉద్యోగం సంగతి మిగతావాళ్లు చెప్తారు, నేను డబ్బు సంగతి చెప్తాను. ఇందులో తొందరపడి నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను.

గ్రాట్యుటీ అందిందా? మీరు ఆ ప్రస్తావనే తేలేదు. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీస్ ఏళ్లతో గుణించాలి. మీ బేసిక్ 14 వేలనుకుంటే 19 ఏళ్లకు సుమారు లక్షా 53 వేలు. మానేసిన 30 రోజుల్లో ఇవ్వాలి. మీరే రాజీనామా చేసినా వస్తుంది. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి, కాపీ దగ్గర పెట్టుకోండి.

పెన్షన్ ఇంకా ముఖ్యం. పీఎఫ్‌లో పదేళ్లు దాటింది కాబట్టి పెన్షన్ హక్కు మీకు వచ్చేసింది. 50 దాటాక ముందుగానే తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోస్తారు. మీరిప్పుడు తీసుకుంటే దాదాపు పావు వంతు పోతుంది, అదీ జీవితాంతం. తీసుకోకండి.

ఇక అసలు విషయం. సరాసరి జీతాన్ని సర్వీస్‌తో గుణించి 70తో భాగిస్తారు. 2014 సెప్టెంబర్‌కు ముందు సర్వీస్‌కు మాత్రం జీతాన్ని 6,500 వరకే లెక్కలోకి తీసుకుంటారు. సర్వీస్ 20 ఏళ్లు నిండితే రెండేళ్లు బోనస్‌గా కలుపుతారు. అంటే మీరు పీఎఫ్ ఉన్న చోట ఇంకొక్క ఏడాది చేస్తే 22 ఏళ్ల లెక్క అవుతుంది.  అందుకని ఎక్కడ చేరినా పీఎఫ్ ఉందా అని మొదట అడగండి, పాత యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరే ఇవ్వండి. వెయ్యి రూపాయలు జీతం తక్కువైనా పీఎఫ్ ఉన్న పనే మీకు మేలు.

తెనాలి సిస్టర్:

చాలా థ్యాంక్సండీ. గ్రాట్యుటీ ఇంకా రాలేదు. ఫైల్ మూవ్ చేశాం అంటున్నారు. రేపే లెటర్ రాస్తాను. 20 ఏళ్ల బోనస్ గురించి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. పీఎఫ్ డబ్బు, పెన్షన్ కలిపి ఒకేసారి వస్తాయనుకుని అప్లై చేయబోతున్నాను. మీ మెసేజ్ చూసి ఆగాను.

కోడర్ సిస్టర్, మా ఆర్థో డాక్టర్‌ని అడిగాను. 40 నిమిషాలకోసారి లేచి నడిచే పనైతే చేసుకోండి అన్నారు.

క్లెయిమ్స్ గుంటూరు:

మేడమ్, నేను ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో ఇన్సూరెన్స్ డెస్క్ చూస్తాను. మీకో చిన్న పని చెప్తాను, దయచేసి చేయండి. ఆ ఇంటర్వ్యూలో మీరు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాయండి. ఒక్క నైట్ డ్యూటీలో రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఏమేం చేస్తారో వరసగా రాయండి. ఏదీ చిన్నదని వదిలేయకండి.

తెనాలి సిస్టర్:

సరేనండీ. ఎవరూ ఇలా అడగలేదు.

ఏడుముప్పావుకు హ్యాండోవర్. ఒక్కో బెడ్ దగ్గర నిలబడి, ఎవరికి ఏం జరిగింది, ఏ రిపోర్టు రావాలి, ఏ యాంటీబయాటిక్ ఎన్నో రోజు, అలర్జీ ఏమైనా ఉందా, అన్నీ పగటి సిస్టర్ దగ్గర తీసుకోవాలి. మత్తు మందులు లెక్కపెట్టి రిజిస్టర్‌లో సంతకం. క్రాష్ కార్ట్‌లో మందులు, వాటి ఎక్స్‌పైరీ చూడాలి. డిఫిబ్రిలేటర్ చార్జింగ్ ఉందో లేదో చూడాలి. డాక్టర్ రౌండ్స్‌లో చెప్పిన ఆర్డర్లు కేస్ షీట్ నుంచి ట్రీట్‌మెంట్ చార్టులోకి ఎక్కించాలి. డాక్టర్ల రాత చదవడం వచ్చేసరికే నాకు మూడేళ్లు పట్టింది. డోస్ అనుమానంగా ఉంటే ఫోన్ చేసి అడగాలి, వాళ్లు విసుక్కున్నా అడగాలి. ఒకసారి 0.5 ముందు సున్నా లేక చుక్క కనపడక 5 అనిపించింది, అడిగాను కాబట్టి సరిపోయింది.

గంటకోసారి బీపీ, పల్స్, ఆక్సిజన్, కంటిపాపలు, జీసీఎస్ (స్పృహ ఎంత ఉందో చెప్పే స్కోరు). యూరిన్ ఎంత, లోపలికి వెళ్లింది ఎంత, అర్ధరాత్రికి టోటల్ కట్టాలి. ఫార్మసీకి ఇండెంట్లు, వాడని మందులు రిటర్న్ రాయాలి, లేకపోతే పేషెంట్ బిల్లులో పడిపోతాయి. ల్యాబ్‌కి శాంపిల్స్, రిపోర్టుల కోసం వెంటపడటం. కొత్త అడ్మిషన్ వస్తే పాత జబ్బులు, వాడే మందులు ఎన్నాళ్ల నుంచో ఇంట్లోవాళ్లను అడిగి రాయడం. యాక్సిడెంట్ కేసైతే పోలీసులకు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) ఇంటిమేషన్ వెళ్లిందో లేదో చూడటం. బయట కుర్చీల్లో కూర్చున్న బంధువులకు అర్థమయ్యేలా చెప్పడం. ఎవరైనా పోతే ఆ మాట డాక్టర్ చెప్పి వెళ్లాక, వాళ్లతో ఉండేది మేమే. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పడం. డిశ్చార్జ్ ఉంటే ఫైల్ పేజీలు వరసగా పెట్టి, ఎక్స్‌రే, సీటీ ఫిల్ములు లెక్క చూసి, బిల్లింగ్‌కి పంపడం. పొద్దున మళ్లీ హ్యాండోవర్.

రాస్తుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

క్లెయిమ్స్ గుంటూరు:

మేడమ్, మీరు రాసిన రెండో పేరా దాదాపు నా ఉద్యోగమే.

ఇన్సూరెన్స్ డెస్క్‌లో జరిగేది ఇది. పేషెంట్ చేరగానే క్యాష్‌లెస్ (బిల్లు నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టడం) కోసం ప్రీ ఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతి రిక్వెస్ట్ పంపాలి. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం రిక్వెస్ట్ అందిన గంటలోపు ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చాలి, డిశ్చార్జ్ అప్పుడు ఫైనల్ అప్రూవల్ 3 గంటల్లో ఇవ్వాలి. మన ఫైల్ సరిగ్గా లేకపోతే వాళ్లు క్వెరీ వేస్తారు. బీపీ ఎన్నేళ్ల నుంచి ఉంది? ఐసీయూలో మూడో రోజు కూడా ఎందుకు ఉంచారు? ఇంప్లాంట్ స్టిక్కర్ ఏది? ఎంఎల్‌సీ కాపీ ఏది? జవాబు కేస్ షీట్‌లోనే ఎక్కడో ఉంటుంది. మా దగ్గర ఉన్న డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ బాగా వచ్చు, కానీ కేస్ షీట్ చేతికిస్తే బిక్కమొహం వేస్తారు. వాళ్లు మళ్లీ వార్డుకి పరిగెత్తి సిస్టర్‌నే అడుగుతారు. ఈలోపు పేషెంట్ బట్టలు సర్దుకుని మంచం మీద కూర్చుని ఉంటాడు.

కూర్చునే పనే అయినా, ఫైళ్ల కోసం వార్డులకు తిరుగుతూనే ఉంటాం కాబట్టి నడుము పట్టేయదు. గుంటూరు, విజయవాడలో ఈ డెస్క్ లేని ఓ మోస్తరు హాస్పిటల్ లేదు. ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కేసులకూ ఇలాంటి పనే ఉంటుంది. ప్రకటనల కోసం చూడకండి. బయోడేటా తీసుకుని నేరుగా వెళ్లి, హెచ్ఆర్‌తో పాటు బిల్లింగ్ మేనేజర్‌ని కూడా కలవండి. బయోడేటాలో “స్టాఫ్ నర్స్, 26 సం.” అని ఒక్క లైన్ రాసి వదిలేయకండి. పైన ఏం రాశారో అదే రాయండి.

తణుకు అక్క:

చెల్లీ, నాకు 60. నర్సింగ్ హోమ్ నుంచి బయటికొచ్చి ఆరేళ్లయింది. నేను చేసే పని చెప్తాను, ఉద్యోగంతో పాటు చేసుకోవచ్చు.

పక్షవాతం వచ్చినవాళ్లను, తుంటి విరిగినవాళ్లను డిశ్చార్జ్ చేసేటప్పుడు ఇంట్లోవాళ్లకు పది నిమిషాల్లో అన్నీ చెప్పి పంపేస్తారు. ఇంటికెళ్లాక వాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. నేను మూడు రోజులు, రోజుకు రెండు గంటలు వాళ్లింటికి వెళ్లి నేర్పుతాను. ముక్కు గొట్టంలో ఆహారం పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ పొట్ట కంటే కిందే వేలాడాలి. ఎలా తిప్పాలో కొడుకు చేత, కోడలి చేత చేయించి చూస్తాను. వీపు మీద, మడమల మీద ఎర్రగా కమిలితే ఏం చేయాలో చెప్తాను. రోజుకు 600 తీసుకుంటాను, లేనివాళ్ల దగ్గర తీసుకోను.

నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది రెండు. ఒకటి, నువ్వు ఎత్తకు. నోటితో చెప్పు, చేతులు వాళ్లవి. రెండోది, డాక్టర్ రాసిన చీటీ లేకుండా ఒక్క మందు కూడా నీ అంతట నువ్వు చెప్పకు. అందరూ అడుగుతారు, “సిస్టర్ గారూ, జ్వరానికి ఏదో ఒకటి రాయండి” అని. ఒప్పుకోకు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం రెన్యువల్ చేయించుకుంటూ ఉండు. వార్డు వదిలినా ఆ కార్డు వదలకు.

మొదటి ఇల్లు ఎలా దొరుకుతుందంటావా, మీ ఊళ్లో ఫిజియోథెరపీ చేసేవాళ్లను కలువు. వాళ్లకు తెలుసు ఎవరింట్లో ఎవరు మంచం మీద ఉన్నారో.

తెనాలి సిస్టర్ (రెండున్నర నెలల తర్వాత):

అందరికీ నమస్కారం. ఈ సంగతి మీకు చెప్పకుండా ఉండలేను.

బయోడేటా మా చిన్నమ్మాయి టైప్ చేసింది. ఆ రోజు ఇక్కడ రాసిందంతా రెండు పేజీలు వచ్చింది. చదివి, “అమ్మా, ఇవన్నీ నువ్వు చేసేదానివా” అంది. విజయవాడ, గుంటూరు కలిపి తొమ్మిది చోట్లకు వెళ్లాను. ఐదు చోట్ల బయోడేటా తీసుకుని మళ్లీ పిలవలేదు. రెండు చోట్ల వయసు అన్నారు. ఒకచోట నర్సుగానే రమ్మన్నారు. తొమ్మిదో చోట బిల్లింగ్ మేనేజర్ ఒక పాత కేస్ షీట్ నా ముందు పెట్టి, “ఇందులో షుగర్ ఎప్పటి నుంచి ఉందో చూపించండి” అన్నారు. నాలుగు పేజీలు తిప్పి, అనస్తీషియా డాక్టర్ రాసిన నోట్‌లో చూపించాను. ఆ సోమవారం నుంచే రమ్మన్నారు.

గుంటూరులో ఇన్సూరెన్స్ డెస్క్. 16,500, పీఎఫ్ ఉంది, పాత యూఏఎన్‌కే కలిపారు. తొమ్మిదిన్నర నుంచి ఐదున్నర. నైట్లు లేవు. గ్రాట్యుటీ లెటర్ ఇచ్చాక ఇరవై రోజులకు పడింది. మాస్టారూ, మీ లెక్కకు 900 రూపాయలే తేడా. తణుకు అక్కా, మా వీధి చివర ఉన్న ఫిజియో అబ్బాయి ద్వారా రెండిళ్లకు ఆదివారాలు వెళ్లాను. ఒకాయన భార్యకు 70 ఏళ్లు, గొట్టంలో పాలు పోయడం రెండో రోజుకే నేర్చుకున్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడటానికే ఎక్కువ కష్టపడ్డాను.

నిన్న జరిగింది ఒకటి చెప్తాను. తలకు దెబ్బ తగిలిన కుర్రాడు, బైక్ యాక్సిడెంట్. ఐసీయూ రెండు రోజులకే డబ్బులిస్తాం, మూడో రోజు అక్కర్లేదని ఇన్సూరెన్స్ వాళ్లు క్వెరీ పెట్టారు. డాక్టర్ నోట్స్‌లో ఆ రోజు ఒక్క లైనే ఉంది. నర్సింగ్ చార్ట్ తీశాను. రాత్రి 2.10కి జీసీఎస్ 13 నుంచి 9కి పడింది, కుడి కంటిపాప పెద్దదైంది, డ్యూటీ డాక్టర్‌కి ఇన్ఫామ్ చేశాం, 2.35కి సీటీకి తీసుకెళ్లాం అని నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో, నిమిషాలతో సహా రాసి ఉంది. ఆ పేజీ స్కాన్ చేసి పంపాను. గంటలోపే అప్రూవల్ వచ్చింది. సాయంత్రం ఇంటికెళ్లే ముందు ఐసీయూకి వెళ్లి ఆ సంతకం ఎవరిదో కనుక్కున్నాను. చేరి ఏడు నెలలే అయిన పిల్ల. నీ చార్ట్ వల్ల వాళ్లింటికి ఒకరోజు ఐసీయూ బిల్లు తప్పిందమ్మా అని చెప్పాను. ఆ అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి.

క్లెయిమ్స్ సార్, ఒక్క సహాయం. పెండింగ్ క్లెయిములు 60 దాకా ఉన్నాయి, నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. క్వెరీకి జవాబివ్వాల్సిన చివరి తేదీ దగ్గర పడ్డవి పైన కనపడేలా ఎక్సెల్‌లో ఎలా పెట్టుకోవాలో చెప్తారా? మా ఆఫీసులో పిల్లలు చకచకా చేసేస్తారు గానీ, నాకు ఒక్కో మెట్టూ రాసిస్తే ఆదివారం కూర్చుని నేర్చుకుంటాను.